ఒకే గిటార్‌తో అన్ని పాటలూ: లక్షలు పెట్టే ముందు ఎలా ఎంచుకోవాలి

"అన్నా, స్ట్రాట్ తీసుకోమంటావా, లెస్ పాల్ తీసుకోమంటావా?" నెలకు నాలుగైదుసార్లయినా ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతారు. రెండూ పేరున్న ఎలక్ట్రిక్ గిటార్లు: ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్, గిబ్సన్ వారి లెస్ పాల్. అడిగేవాళ్ల పరిస్థితి దాదాపు ఒక్కటే. ఆదివారం పొద్దున చర్చిలో వాయించాలి. శనివారం రాత్రి గాజువాకలోనో మధురవాడలోనో రిసెప్షన్ ఆర్కెస్ట్రా ఉంటుంది, అక్కడ పాత మెలొడీల నుంచి మొన్న విడుదలైన మాస్ పాట దాకా అన్నీ అడుగుతారు. కాలేజీ స్నేహితులతో రాక్ బ్యాండ్ ఒకటి. ఇంట్లో ఒక్కరే కూర్చున్నప్పుడు బ్లూసో, కీర్తనో. ఏళ్ల తరబడి చవక గిటార్‌తో నెట్టుకొచ్చి ఇప్పుడు డబ్బు కూడబెట్టుకున్నారు. కొనేది ఒక్కటే, అది అన్నిటికీ పనికిరావాలి.

అందుకే ఒకేసారి వివరంగా రాస్తున్నాను. బ్రాండ్ పేరు దగ్గర మొదలుపెడితే ఈ వెతుకులాట తెగదు. మీరు వాయించే పాటల దగ్గర మొదలుపెట్టండి, మన విశాఖ గాలిని కూడా లెక్కలో వేసుకోండి. గిటార్ పేరు చివర్లో దానంతట అదే తేలుతుంది.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక నోటుపుస్తకం.
- మీరు రోజూ వాడే ప్రాసెసర్ లేదా పెడల్ (గిటార్ ధ్వనిని మార్చే పెట్టె), మీ సొంత కేబుల్. దుకాణంలో ఇచ్చే ఖరీదైన ఆంప్‌లో (యాంప్లిఫయర్) ఏ గిటార్ అయినా బాగానే పలుకుతుంది. మీకు కావాల్సింది మీ సామానుతో ఎలా పలుకుతుందన్నది.
- క్లిప్ ట్యూనర్, కాపో (తీగలన్నీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్), మిల్లీమీటర్ల స్టీలు స్కేలు, ఒక విజిటింగ్ కార్డు.
- గదిలో తేమ శాతం చూపే చిన్న డిజిటల్ మీటరు.
- బడ్జెట్. మొత్తంలో ఐదో వంతు ముందే పక్కన పెట్టేయండి. హార్డ్ కేసు, సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయించడం), తీగలు, ప్రయాణం ఖర్చులు అందులోంచే వెళ్లాలి. ఉన్నదంతా గిటార్‌కే పెట్టి, దాన్ని పల్చటి గుడ్డ సంచిలో బైకు మీద తిప్పేవాళ్లను చూస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

1. ఇరవై పాటలు రాయండి

గత 6 నెలల్లో మీరు నిజంగా వాయించిన పాటలు 20 రాయండి. వాయించాలని కలలు కంటున్నవి వద్దు. ప్రతి పాట పక్కన అందులో గిటార్ పని ఏమిటో ఒక్క మాటలో రాయండి: శుభ్రమైన మెరుపు ధ్వని (చర్చి పాటల్లో స్వరాలు విడివిడిగా మీటే ఆర్పెజియోలు, ఫంక్ రిథమ్), మెత్తని గుండ్రటి ధ్వని (జాజ్, పాత మెలొడీలు), కొంచెం గరుకు (బ్లూస్, పాప్), గట్టి డిస్టార్షన్ (రాక్, మెటల్, మాస్ పాటల రిఫ్‌లు), పాడినట్టు సాగే లీడ్.

ఇప్పుడు లెక్కపెట్టండి. చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం కలుగుతుంది. తనను తాను మెటల్ గిటారిస్టు అనుకునే కుర్రాడి జాబితాలో 20కి 13 పాటలు శుభ్రమైన ధ్వనివే ఉంటాయి. మరి గిటార్ ముందు ఆ పదమూడింటికి న్యాయం చేయాలి కదా.

2. పికప్‌ల అమరిక తేల్చుకోండి

గిటార్ ఎన్ని రకాల పాటలకు పనికొస్తుందన్నది ఎక్కువగా పికప్‌ల (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగాల) మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి.

సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ ఒక్క తీగచుట్ట. ధ్వని స్పష్టంగా, గాజులు మోగినట్టు ఉంటుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఇవి మూడు. ఇబ్బంది ఏమిటంటే, ఆ చుట్ట చుట్టుపక్కల కరెంటు రొదను కూడా పట్టేస్తుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్కలోనే గుయ్‌మని మోగుతుంది. పెళ్లి మండపంలో సీరియల్ లైట్లు, డిమ్మర్లు, జనరేటర్ కలిసినచోట అది ఎంత పెద్దదవుతుందో వాయించినవాళ్లకు తెలుసు.

హంబకర్‌లో రెండు చుట్టలు ఎదురెదురు దిశల్లో ఉండి ఆ రొదను రద్దు చేస్తాయి. గిబ్సన్‌లో సేత్ లవర్ అనే ఇంజినీరు 1955లో దీన్ని రూపొందించారు. 1957 నుంచి లెస్ పాల్‌లలో వచ్చింది. ధ్వని లావుగా, వెచ్చగా ఉంటుంది. డిస్టార్షన్‌లో దీని బలం వేరు.

రెండూ కావాలి కదా. దారులు ఇవి:

హెచ్‌ఎస్‌ఎస్. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్, మధ్యలో, నెక్ (ఎడమచేతితో పట్టే పొడవాటి కర్ర) దగ్గర సింగిల్ కాయిల్స్. మీ జాబితాలో శుభ్రమైన ధ్వని సగం పైన ఉండి, మిగతాది రాక్ అయితే ఇదే తీసుకోండి. విశాఖలో చర్చి, ఆర్కెస్ట్రా రెండూ చేసే పది మందిలో ఏడెనిమిది మందికి నేను ఇదే చెబుతాను. పికప్‌లు మార్చే స్విచ్‌లో, మధ్య పికప్‌ను పక్కదానితో కలిపే 2, 4 స్థానాల ధ్వని చర్చి ఆర్పెజియోలకు ప్రాణం. మొదట్లో స్ట్రాట్‌కు 3 స్థానాల స్విచ్చే ఉండేది, వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఇరికించి ఈ ధ్వని రాబట్టేవారు. ఫెండర్ 1977లో 5 స్థానాల స్విచ్ పెట్టింది.

రెండు హంబకర్లు, కాయిల్ స్ప్లిట్. స్విచ్ లాగితే హంబకర్‌లో ఒక చుట్ట ఆగిపోయి సింగిల్ కాయిల్‌కు దగ్గరగా పలుకుతుంది. పీఆర్‌ఎస్ కస్టమ్ 24 ఈ దారిలో పేరున్నది. జాబితాలో రాక్, లీడ్, జాజ్ ఎక్కువైతే ఇది సరిపోతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: "స్ప్లిట్ ఉంది కదా, స్ట్రాట్ కూడా వచ్చేసినట్టే" అనుకోవడం. అన్ని స్ప్లిట్‌లూ ఒకలా ఉండవు. కొన్నింట్లో స్విచ్ లాగగానే ధ్వని సగానికి సన్నబడిపోతుంది, వేదిక మీద మీరు మాయమైపోతారు. పైగా ఒక్క చుట్టే పనిచేస్తుంది కాబట్టి రొద కూడా తిరిగొస్తుంది. లాగి, నెట్టి, మళ్లీ లాగి వినండి. వాల్యూమ్ తేడా కొద్దిగా ఉంటే పర్వాలేదు. పాట మధ్యలో వాల్యూమ్ పెడల్ తొక్కాల్సినంత తేడా ఉంటే వదిలేయండి.

రొద లేని సింగిల్ కాయిల్స్ కూడా ఉన్నాయి. ఫెండర్ అమెరికన్ అల్ట్రాలో నాయిస్‌లెస్ పికప్‌లు వస్తాయి. పాత సింగిల్ కాయిల్‌లోని మెరుపు వీటిలో కాస్త తగ్గుతుందని కొందరు అంటారు. నా చెవికీ అలాగే అనిపిస్తుంది. కానీ నెలకు ఆరేడు ఫంక్షన్లు వాయించేవాళ్లు ఆ కాస్త మెరుపు వదులుకున్నా నష్టం లేదు.

లోపల కొంత డొల్లగా ఉండే ఈఎస్-335 తరహా గిటార్ల ధ్వని అంటే నాకు ప్రాణం. అయినా ఒకే గిటార్ కొనేవాళ్లకు వద్దంటాను. డీజే బాక్సుల పక్కన గట్టి డిస్టార్షన్ పెడితే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ధ్వనికి గిటారే కూతపెట్టడం) వచ్చేస్తుంది.

3. నెక్, స్కేల్, ఫ్రెట్లు

స్కేల్ అంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు. ఫెండర్‌లో 25.5 అంగుళాలు, గిబ్సన్‌లో సుమారు 24.75, పీఆర్‌ఎస్ కస్టమ్ 24లో 25. పొడవు పెరిగితే తీగ బిగువు పెరుగుతుంది, ధ్వని విడివిడిగా, స్పష్టంగా వస్తుంది. తగ్గితే తీగ మెత్తబడి సులువుగా వంగుతుంది.

గమకాలు వాయించేవాళ్లు ఈ విషయం పట్టించుకోవాలి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఎంత నిండుగా వినిపించారో మనకు తెలుసు. ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలు) ఉన్న వాద్యం మీద గమకం పలకదన్న మాటకు ఆయనే జవాబు. గిటార్ మీద అది పలకాలంటే మూడు కావాలి: సన్న తీగలు (9–42 సెట్), ఎత్తయిన ఫ్రెట్లు, మరీ గుండ్రంగా లేని ఫింగర్‌బోర్డ్. పాతకాలపు స్ట్రాట్‌లలో ఉండే 7.25 అంగుళాల వంపు కార్డులకు (కలిపి మోగించే స్వరాలకు) చేతికి హాయిగా ఉంటుంది కానీ, యాక్షన్ (ఫ్రెట్ల పైన తీగల ఎత్తు) తక్కువగా ఉన్నప్పుడు తీగను బాగా లాగితే స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ ఫింగర్‌బోర్డ్ చదునవుతుంది. 9.5 కంటే తక్కువ వద్దు, 12 ఉంటే మంచిది. 10 నుంచి 14 దాకా మారుతూ వెళ్లే కాంపౌండ్ వంపు దొరికితే ఇంకా మేలు.

నెక్ లావు గురించి ఎవరి మాటా వినకండి. ఒక్క వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డులు పావుగంట పట్టుకుంటే బొటనవేలి మొదట్లో నొప్పి వస్తుందో లేదో మీ చేయే చెబుతుంది.

బరువు కూడా తూచండి. స్ట్రాట్ తరహావి మూడున్నర కిలోల చుట్టూ ఉంటాయి, లెస్ పాల్ 4 కిలోలు దాటడం మామూలే. నాలుగు గంటలు నిలబడి వాయించే ఆర్కెస్ట్రాలో ఆ అర కిలో మీ భుజానికి తెలుస్తుంది.

4. బ్రిడ్జ్ దగ్గర తొందరపడకండి

నేను కొన్న మొదటి ఖరీదైన గిటార్‌కు ఫ్లాయిడ్ రోజ్ తరహా లాకింగ్ బ్రిడ్జ్ ఉండేది. వీడియోలో వామీ బార్ (బ్రిడ్జ్‌ను కదిపి శ్రుతిని వంచే కడ్డీ) విన్యాసాలు చూసి మనసు పారేసుకున్నాను. భీమిలి దగ్గర ఒక రిసెప్షన్‌లో రెండో పాటకే తీగ తెగింది. తేలుతూ ఉండే బ్రిడ్జ్ కదా, ఒక తీగ తెగగానే వెనక స్ప్రింగులు లాగేసి మిగతా ఐదూ శ్రుతి పెరిగిపోయాయి. లాకులు విప్పి, తీగ వేసి, మళ్లీ శ్రుతి చేసేసరికి మూడు పాటలు గిటార్ లేకుండానే అయిపోయాయి. గాయకుడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మీ జాబితాలో వామీ బార్‌ను లోతుగా నొక్కే పాటలు రెండుకు మించి లేకపోతే ఆ బ్రిడ్జ్ వద్దు. రెండు స్క్రూల మీద ఆగే మామూలు ట్రెమొలో (వామీ బార్‌తో కదిలే బ్రిడ్జ్), లాకింగ్ ట్యూనర్లు (తీగను బిగించి పట్టే బిరడాలు) ఉంటే చాలు. బార్ అసలే వాడనివాళ్లు కదలని బ్రిడ్జ్ తీసుకోండి. తీగ తెగినా పాట పూర్తవుతుంది. మెచ్చిన గిటార్‌కు ట్రెమొలోనే ఉంటే, వెనక స్ప్రింగులు బిగించి బ్రిడ్జ్‌ను బాడీకి ఆనేలా కూర్చోబెట్టొచ్చు. అప్పుడు మిగతా తీగల శ్రుతి పెరగదు.

5. ఉప్పుగాలికి తట్టుకుంటుందా చూడండి

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు రాసే సలహాల్లో ఇది కనిపించదు. ఆర్కే బీచ్, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్లలో మామూలు తీగలు మూడు వారాల్లో తుప్పు పట్టి వేళ్లకు గరగరలాడతాయి. బ్రిడ్జ్ స్క్రూలు పట్టేస్తాయి. పాట్లు (నాబ్‌ల లోపలి భాగాలు), జాక్‌లు (కేబుల్ గుచ్చే చోట్లు) కరకరమంటాయి. వానాకాలంలో నెక్ కదులుతుంది.

ఎంచుకునేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లకు మొదటి మార్కు వేయండి. తుప్పుకు భయం లేదు, అరుగుదల చాలా తక్కువ. నికెల్ ఫ్రెట్లు అరిగితే మార్చడం పెద్ద పని, చేయి తిరిగిన మనిషి దొరకాలి. తర్వాత రోస్టెడ్ మేపుల్ నెక్. చెక్కను ముందే వేడిచేసి తేమ పీల్చే గుణం తగ్గిస్తారు, అందుకని మన వాతావరణంలో తక్కువ కదులుతుంది. బంగారు రంగు పూత ఉన్న బ్రిడ్జ్, ట్యూనర్లు చూడ్డానికి బాగుంటాయి కానీ, చెమటకూ ఉప్పుకూ ఆ పూత త్వరగా పోతుంది. క్రోమ్ తీసుకోండి.

6. రెండు మూడు పేర్లకు కుదించండి

ఇప్పుడు పేర్లు చూడొచ్చు. అమెరికా, జపాన్ తయారీ గిటార్లు ఎక్కువగా లక్ష దాటాకే మొదలవుతాయి. పైకి మూడు నాలుగు లక్షలు, ఆపైన కూడా ఉన్నాయి.

- శుభ్రమైన ధ్వని ఎక్కువ, చర్చి, పాప్, ఫంక్: ఫెండర్ అమెరికన్ వరుసల్లో హెచ్‌ఎస్‌ఎస్ స్ట్రాట్.
- అన్నీ సమానంగా, తేమకు ఓర్పు: ఐబనెజ్ ఏజెడ్ ప్రెస్టీజ్. జపాన్ తయారీ, రోస్టెడ్ మేపుల్ నెక్, స్టెయిన్‌లెస్ ఫ్రెట్లు, గోటో కంపెనీ లాకింగ్ ట్యూనర్లు. మన ఊరికి కావాల్సినవన్నీ ఒకేచోట ఉన్నాయి కాబట్టి నేనైతే దీన్ని ముందు చూడమంటాను.
- రాక్, లీడ్, జాజ్: పీఆర్‌ఎస్ కస్టమ్ 24. అమెరికా తయారీది అందకపోతే ఇండోనేసియాలో తయారయ్యే ఎస్‌ఈ వరుస చూడండి. మంచి సెటప్ చేయిస్తే వేదిక మీద ధైర్యంగా వాడొచ్చు.
- లావు రాక్ ధ్వనే ప్రధానం: లెస్ పాల్. స్ప్లిట్ కావాలంటే ఆ మోడల్‌లో ఉందో లేదో కనుక్కోండి, అన్నింట్లో ఉండదు. హెడ్‌స్టాక్ వెనక్కి 17 డిగ్రీలు వాలి ఉంటుంది, కిందపడితే అక్కడే విరుగుతుంది. హార్డ్ కేసు లేకుండా ఇల్లు కదిలించొద్దు.

7. చేతిలోకి తీసుకుని పరీక్షించండి

మన ఊళ్లో దుకాణాల్లో ఈ ధరల గిటార్లు అన్నీ ఉండవు. ఫోన్ చేసి, ఉందని ఖాయం చేసుకుని, హైదరాబాదో చెన్నైయో బెంగళూరో వెళ్లండి. లక్షన్నర పెట్టే వస్తువు కోసం ఒక దూరపు రైలు ప్రయాణం ఎక్కువేం కాదు. తెలిసినవాళ్ల దగ్గర అదే మోడల్ ఉంటే ఒక సాయంత్రం అడిగి వాయించండి. ఎవరూ కాదనరు.

పరీక్ష ఈ వరుసలో చేయండి.

అ) ముందు ఆంప్‌కు కలపకుండా పది నిమిషాలు వాయించండి. తీగ మీటితే చెక్క కంపనం కడుపుకు తగలాలి, స్వరం చాలాసేపు నిలవాలి.

ఆ) లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర కాపోతో, చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి, 7వ ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం ఉండాలి. అసలు సందు లేకపోయినా, మరీ ఎక్కువున్నా దుకాణం మనిషినే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపు సరిచేసే కడ్డీ) తిప్పి సరిచేయమనండి. తిప్పినా సరికాకపోతే ఆ గిటార్ వద్దు.

ఇ) 12వ ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి యాక్షన్ కొలవండి. సన్న తీగ కింద సుమారు 1.5 మిల్లీమీటర్లు, లావు తీగ కింద 2 ఉండి బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలి జుయ్‌మనడం) రాకపోతే ఫ్రెట్ల పని బాగున్నట్టు.

ఈ) రెండు సన్న తీగల మీద 10వ ఫ్రెట్ నుంచి చివరిదాకా ప్రతి ఫ్రెట్ దగ్గరా పూర్తి స్వరం బెండ్ చేయండి (తీగను పక్కకు లాగి స్వరం పెంచండి). ఎక్కడా గొంతు పూడుకుపోకూడదు. ఒక్కటీ వదలకండి, చాలామంది 12 దగ్గర చూసి ఆపేస్తారు.

ఉ) 12వ ఫ్రెట్ హార్మోనిక్ (నొక్కకుండా వేలు తాకించి మీటిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. కొద్ది తేడా బ్రిడ్జ్ దగ్గర సర్దుకుంటుంది.

ఊ) శ్రుతి చేసి, గట్టిగా పది బెండ్లు, పది వామీలు చేసి మళ్లీ ట్యూనర్ చూడండి. శ్రుతి చేసేటప్పుడు నట్ దగ్గర "టింగ్" అని శబ్దం వస్తే గాడి బిగుతుగా ఉన్నట్టు. ఇది చిన్న మరమ్మతే, కానీ కొనకముందే చేయించుకోండి.

ఋ) ఇప్పుడు మీ ప్రాసెసర్‌కు కలపండి. డిస్టార్షన్ పెట్టి గిటార్ వాల్యూమ్ 10 నుంచి 4కు దించండి. ధ్వని శుభ్రపడాలి, మసకబారకూడదు. ఒక్క నాబ్‌తో రిథమ్ నుంచి లీడ్‌కు వెళ్లగలిగితే ఆ గిటార్ రకరకాల పాటలకు నిజంగా పనికొచ్చినట్టు. ఈ పరీక్షలో లక్షల గిటార్లు కూడా తేలిపోతాయి.

ఎ) చివరగా మీ నోటుపుస్తకం తెరిచి 20 పాటల్లోంచి రకానికొకటి వాయించండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. దుకాణంలో ఉత్సాహం వేరు. ఆ రాత్రి ఇంట్లో ఇయర్‌ఫోన్స్‌తో వింటే నిజం తెలుస్తుంది. అదే రోజు డబ్బు కట్టకండి.

8. కరెంటు సంగతి

ఇది గిటార్ ఎంపికకు చెందింది కాదనిపించొచ్చు, కానీ ప్రాణానికి సంబంధించింది. గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. వేదిక మీద ఎర్తింగ్ సరిగా లేకపోతే, తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకు తగిలితే షాక్ కొడుతుంది. ఆంప్ ప్లగ్‌లో మూడో పిన్ను ఎప్పుడూ తీసేయొద్దు. మూడు పిన్నుల సాకెట్ టెస్టర్ ఒకటి గిటార్ సంచిలో ఉంచుకోండి, తప్పు చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచేదాకా ప్లగ్ పెట్టకండి.

తీగలు ముట్టుకుంటే రొద తగ్గడం మామూలే. ముట్టుకుంటే పెరిగితే మాత్రం గిటార్‌లోనో సాకెట్‌లోనో ఎర్త్ తప్పు ఉన్నట్టు.

9. పాతది కొనేవాళ్లకు, బయటి దేశం నుంచి తెప్పించేవాళ్లకు

నకిలీలు బాగా తిరుగుతున్నాయి, ముఖ్యంగా గిబ్సన్ పేరుతో. హెడ్‌స్టాక్ మీద ట్రస్ రాడ్ మూతకు అసలు గిబ్సన్‌లో రెండు స్క్రూలే ఉంటాయి, నకిలీల్లో తరచుగా మూడు కనిపిస్తాయి. సీరియల్ నంబరు ఫొటో తీసి కంపెనీకి పంపి అడగండి. బిల్లు, కేసు లేకుండా సగం ధరకు ఇస్తానన్నవాళ్ల దగ్గర ఆగండి.

విదేశం నుంచి ఎవరైనా తెస్తుంటే కస్టమ్స్ సుంకం, పన్ను కలిపి లెక్క వేసుకోండి. ఆ తర్వాత ఇక్కడి ధరకూ దానికీ తేడా తక్కువైతే ఇక్కడే వారంటీతో కొనండి. రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్ గురించి టెన్షన్ పడేవాళ్లున్నారు. 2017లో అంతర్జాతీయ ఆంక్షలు వచ్చిన మాట నిజమే, పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు, ఆ పేరు చెబితే జాగ్రత్త.

10. ఇంటికి తెచ్చాక మొదటి నెల

వచ్చిన రోజే తీగలు విప్పి సెటప్‌కు పరుగెత్తకండి. మన గాలికి నెక్ అలవాటు పడనివ్వండి, రెండు వారాలు చాలు. కేసులో తేమ మీటరు, సిలికా జెల్ సంచులు పెట్టండి. 45 నుంచి 55 శాతం ఉంటే చాలా మంచిది, 60 దాటుతుంటే జెల్ మార్చండి. ఏసీ గదిలోంచి తీసి నేరుగా ఉక్కపోత హాల్లో తెరవకండి. గిటార్ హాలు వేడికి అలవాటు పడేదాకా కేసు మూసి ఉంచే ఆగితే లోహం మీద తడి పేరదు.

పూత ఉన్న తీగలు వేయండి. ధర రెండింతలైనా బీచ్ దగ్గర నెలలు నిలుస్తాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తీగల కింద కూడా తుడవండి.

రెండు వారాల తర్వాత విజిటింగ్ కార్డు పరీక్ష మళ్లీ చేసి, కొలత నోటుపుస్తకంలో తేదీతో రాయండి. వానలు మొదలైనప్పుడు ఒకసారి, అక్టోబరు తుపాన్ల కాలం దాటాక ఒకసారి కొలవండి. సందు పెరుగుతూ పోతే ట్రస్ రాడ్ ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకుండా, మధ్యలో ఒక రాత్రి ఆగి సరిచేయించండి.